పెళ్ళి భోజనం మర్నాడు లేవలేకపోయిన కుర్రాడు: ఒక పీరియాడిక్ పెరాలసిస్ కేసు

(పీరియాడిక్ పెరాలసిస్ అంటే కండరాలు ఉండుండి చచ్చుబడి, మళ్ళీ తేరుకునే జబ్బు. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.)

ఆదివారం ఉదయం తొమ్మిదింబావుకి ఒక కుర్రాణ్ణి దుప్పట్లో మోసుకొచ్చి కాజువాలిటీ మంచం మీద పడుకోబెట్టారు. 20 ఏళ్ళు, 64 కిలోలు. కోనసీమ వైపు ఊరు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీసు చేస్తున్నాడు. కాళ్ళు రెండూ కదలడం లేదు. చేతులు భుజాల దగ్గర లేవడం లేదు, వేళ్ళు మాత్రం కాస్త ముడుస్తున్నాడు. చూపు, మాట, మింగడం, ఊపిరి అన్నీ బాగున్నాయి. స్పృహకి ఏ లోటూ లేదు. నేను దగ్గరికి వెళ్ళగానే అడిగిన మొదటి ప్రశ్న: "సార్, ఇంకో పద్దెనిమిది రోజుల్లో నాకు పదహారు వందల మీటర్లుంది. పరిగెత్తగలనా?"

తల్లి ఏడుస్తోంది. తండ్రి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, ఒక్క మాటా లేదు.

చేతికి అప్పటికే సెలైన్ సీసా ఎక్కుతోంది. ఊళ్ళో ఆర్ఎంపీ పెట్టాడట. తిప్పి చూస్తే 5 శాతం డెక్స్ట్రోజ్, అర లీటరు. అంటే 25 గ్రాముల గ్లూకోజ్. ఇది రెండో సీసా. మొదటిది పెట్టినప్పుడు కాళ్ళే పడిపోయి ఉన్నాయి, అది అయ్యేసరికి చేతులు కూడా పడిపోయాయి అని తల్లి చెప్పింది. ఆ మాట వినగానే డ్రిప్ ఆపించాను. నిజానికి అప్పటికి నా బుర్రలో మొదట ఉన్నది గిలన్ బరే సిండ్రోమ్, అంటే నరాలు దెబ్బతిని కాళ్ళూ చేతులూ పడిపోయే జబ్బు. డ్రిప్ ఆపడం అనుమానం కొద్దీ చేసిందే కానీ తెలిసి చేసింది కాదు.

పరీక్షలో తుంటి దగ్గర బలం ఐదుకి ఒకటి, మోకాళ్ళ దగ్గర రెండు, భుజాల దగ్గర రెండు, పిడికిలి నాలుగు. మోకాలి మీద సుత్తితో కొడితే కాలు ఎగరలేదు. స్పర్శ మాత్రం ఎక్కడా తగ్గలేదు, మూత్రం వస్తోంది. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంటే 28 దాకా వెళ్ళాడు. ఈసీజీలో ఎస్‌టీ కిందికి జారి, టీ అలలు చదునై, వాటి వెనక యూ అలలు లేచి ఉన్నాయి. ల్యాబు నుంచి ఫోను వచ్చేలోపే కాగితం మీద జబ్బు కనిపించింది. పొటాషియం 1.9. మామూలుగా ఉండాల్సింది 3.5 నుంచి 5 దాకా.

తక్కువ పొటాషియంతో కాళ్ళు పడిపోవడం మన వైపు డాక్టర్లకి కొత్త కాదు. విరేచనాలు, కిడ్నీలోంచి పొటాషియం కారిపోయే రీనల్ ట్యూబులర్ ఎసిడోసిస్, థైరాయిడ్ ఎక్కువైన మగవాళ్ళలో వచ్చే పక్షవాతం, ఇవన్నీ ముందు కొట్టెయ్యాలి. విరేచనాలు లేవు. రక్తంలో పీహెచ్ 7.39, బైకార్బొనేట్ 24, కాబట్టి ఎసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరగడం) లేదు. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ మామూలే. మెగ్నీషియం మామూలే. మూత్రంలో క్రియాటినిన్ గ్రాముకి పొటాషియం 8 మిల్లీ ఈక్వివలెంట్లే ఉంది. 13 దాటితే కిడ్నీ వదిలేస్తోందని అనుమానించాలి. అంటే కిడ్నీ పొదుపుగానే ఉంది. పొటాషియం ఒంట్లోంచి బయటికి పోలేదు. గది మారింది, అంతే.

ఒంట్లో ఉన్న పొటాషియంలో నూటికి 98 పాళ్ళు కణాల లోపలే ఉంటుంది, అందులో పెద్ద వాటా కండరాలది. కణాల బయట తిరిగేది చాలా కొంచెం. ఈ కుర్రాడి బరువుకి కణాల బయటి నీరు సుమారు 13 లీటర్లు. లీటరుకి 4 చొప్పున లెక్కేస్తే 52 మిల్లీ ఈక్వివలెంట్లు (ఇకపై యూనిట్లు అంటాను). అది 1.9కి దిగింది అంటే 27 యూనిట్లు లోపలికి దూరాయి. ఒక పెద్ద కొబ్బరి బోండాంలో పదిహేనో ఎన్నో ఉంటాయి. అంటే రెండు బోండాలకి సరిపడా పొటాషియం తలుపు దాటి లోపలికి వెళ్ళడంతో, 64 కిలోల కుర్రాడు దుప్పట్లో వచ్చాడు.

సిరలోంచి కాక నోటి ద్వారానే పొటాషియం ఇచ్చాను. సిరప్ 15 మిల్లీలీటర్లకి 20 యూనిట్లు. మొదట 30 మిల్లీలీటర్లు నీళ్ళలో కలిపి, తర్వాత గంట గంటకీ 15 చొప్పున, ఈసీజీ చూస్తూ. మధ్యాహ్నం పన్నెండున్నరకి 2.8. రెండు గంటలకి మొత్తం 120 యూనిట్లు పూర్తయ్యాయి, అక్కడ ఆపేశాను. నాలుగింటికి 4.1. ఐదింటికి లేచి బాత్రూంకి నడిచి వెళ్ళాడు. రాత్రి ఎనిమిదింటికి, ఇంకేమీ ఇవ్వకుండానే, 4.9. ఇక్కడే చాలామంది కాలు జారతారు. లోపల దాక్కున్న పొటాషియం తిరిగి బయటికి వస్తుంది, మనం పోసింది దానికి తోడవుతుంది. నాలుగింటికి "కాళ్ళింకా పూర్తిగా రాలేదు" అని మరో రెండు డోసులు పోసి ఉంటే, రాత్రికి గుండె గురించి టెన్షన్ పడాల్సి వచ్చేది.

ముందు రోజు

సాయంత్రం తీరిగ్గా కూర్చుని శనివారం అంతా గంటల వారీగా చెప్పించుకున్నాను. ఈ జబ్బులో స్కానింగ్ కన్నా పనికొచ్చేది ఇదే.

తెల్లవారి ఐదింటికి గ్రౌండ్. ఈవెంట్స్ దగ్గర పడ్డాయని రోజూ పరిగెత్తేదానికి రెట్టింపు పరిగెత్తాడు, ఆపైన లాంగ్ జంప్ ప్రాక్టీసు. ఆ తర్వాత బండెక్కి ఇంటికొచ్చి పదకొండు దాకా పడుకున్నాడు. మధ్యాహ్నం ఏమీ కాలేదు. సాయంత్రం మేనమామ కూతురి పెళ్ళి. రాత్రి పదింటికి బంతిలో కూర్చున్నాడు: బూరెలు, కాజా, పులిహోర, పనసపొట్టు కూర, అన్నం రెండు సార్లు, ఆవకాయ, పైన ఐస్‌క్రీం, ఒక కూల్‌డ్రింక్. "పొద్దున్న అంత పరిగెత్తాను కదా సార్, కుమ్మేశాను." పన్నెండింటికి కల్యాణమండపంలోనే చాప మీద పడుకున్నాడు. నాలుగింటికి మెలకువ వచ్చేసరికి తొడలు బరువుగా అనిపించి, బద్ధకించి మళ్ళీ పడుకున్నాడు. ఐదింటికి లేద్దామంటే కాళ్ళు లేవు.

పరుగెత్తేటప్పుడు ఎప్పుడూ పడిపోలేదు, అది గుర్తుపెట్టుకోవాలి. కష్టపడేటప్పుడు కండరంలోంచి పొటాషియం బయటికి వస్తుంది. ఆగి విశ్రాంతి తీసుకునేటప్పుడు కండర కణాల పొరలోని పంపులు దాన్ని లోపలికి లాక్కుంటాయి. ఆ లాగుడు ఇంకా సద్దుమణగకముందే రాత్రి పిండిపదార్థం, తీపి ఒక్కసారిగా కడుపులో పడితే ఇన్సులిన్ పెరిగి అవే పంపుల్ని మళ్ళీ తొక్కుతుంది. పైన ఉప్పు. ఆపైన కదలకుండా నాలుగైదు గంటల నిద్ర. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా ఇతన్ని పడగొట్టేది కాదేమో. ఇక గ్లూకోజ్ సీసా సరేసరి, పెళ్ళి భోజనాన్ని సిరలోకి కొనసాగించడమే అది.

పొటాషియం తగ్గితే అందరి కండరమూ ఇలా చచ్చుబడదు. మామూలు కండరం పొర మీద విద్యుత్ చార్జ్ పొటాషియం తగ్గినకొద్దీ ఇంకా గట్టిపడుతుంది. ఈ కుటుంబంలో మాత్రం కాల్షియం చానెల్ ప్రోటీన్లో, వోల్టేజీని పసిగట్టే భాగంలో, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం బదులు హిస్టిడిన్ అనే ఇంకొకటి వచ్చి కూర్చుంది. దానివల్ల ఆ మూలన చిన్న చిల్లి పడి ఎప్పుడూ సన్నగా కరెంటు కారుతూ ఉంటుంది. పొటాషియం సరిపడా ఉన్నంతసేపు ఆ కారుడు తెలీదు. తగ్గిందంటే చిల్లిదే పైచేయి. చార్జ్ పడిపోతుంది, సోడియం చానెళ్ళు మూతపడతాయి, నరం ఎంత పిలిచినా కండరం పలకదు. ఈ జన్యువు, సీఏసీఎన్ఏ1ఎస్, 1994లో దొరికింది. ఈ జబ్బున్న కుటుంబాల్లో ఎక్కువ శాతానికి ఇదే కారణం. కొద్దిమందిలో సోడియం చానెల్ జన్యువు ఎస్‌సీఎన్4ఏ.

తండ్రి

రెండో రోజు రౌండ్స్‌లో తండ్రి నన్ను వరండాలోకి పిలిచాడు. 52 ఏళ్ళ రైతు.

"డాక్టరు గారూ, ఇది నాకూ వచ్చేదండి."

పద్నాలుగో ఏట మొదలైందట. బస్తాలు మోసిన రోజు రాత్రీ, సంక్రాంతి అరిసెలు తిన్న రాత్రీ. పొద్దున్నే లేవలేకపోయేవాడు, మధ్యాహ్నానికి సర్దుకునేది. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. పెళ్ళి సంబంధాలు చెడతాయని ఇంట్లో ఎవరూ బయటికి చెప్పలేదు. ఆ ఇంట్లో రెండు అలవాట్లు మాత్రం మిగిలాయి. కోతల రోజుల్లో మగవాళ్ళకి రాత్రి తీపి పెట్టరు. తొడలు బరువెక్కుతున్నట్టు మెలకువ వస్తే పడుకోకుండా లేచి చేను గట్టు మీద నడుస్తారు. రెండూ సరైనవే. మొదట్లోనే మెల్లగా కదిలితే కొందరిలో ఎటాక్ అక్కడితో ఆగుతుంది. పుస్తకంలో ఒక వాక్యంగా చదివిన సంగతి, ఆయన నోట పాతికేళ్ళ రాత్రుళ్ళుగా విన్నాను. కొడుక్కి ఎందుకు చెప్పలేదని అడిగితే, "నాకు నలభై దాటాక పోయిందండి, ఇక లేదనుకున్నాను" అన్నాడు.

పూర్తిగా పోలేదు. కింద కూర్చోబెట్టి లెమ్మన్నాను. ఒక చెయ్యి నేల మీద, ఇంకో చెయ్యి మోకాలి మీద పెట్టి, తొడని ఎగబాకుతూ లేచాడు. వయసు మీద పడిందనుకున్నాడట. ఎటాక్‌లు ఆగాక కూడా తుంటి, తొడల కండరాలు ఏళ్ళ మీద మెల్లగా అరిగిపోవడం ఈ జబ్బులో ఉంది. ఎటాక్‌లు లేవంటే జబ్బు లేదని కాదని నాకు అంతకుముందు ఇంత స్పష్టంగా ఎవరూ చూపించలేదు.

నెల తర్వాత కుర్రాణ్ణి నరాల పరీక్షకి పంపాను. చిటికెనవేలి కండరాన్ని ఐదు నిమిషాలు గట్టిగా పని చేయించి, ఆ తర్వాత ముప్పావుగంట పైగా దాని స్పందనని కొలుస్తూ పోతారు. 1986లో మెక్‌మానిస్ బృందం వివరించిన పద్ధతి ఇది. స్పందన 40 శాతం కన్నా ఎక్కువ పడిపోతే అనుమానం బలపడుతుంది. ఇతనిది విశ్రాంతిలో సగానికి పైగా పడింది. కష్టం తర్వాతి విశ్రాంతే శత్రువని ఒక వేలు మీద చూపించే పరీక్ష, నాకు భలే ఇష్టం. జన్యు పరీక్షలో తండ్రికీ కొడుక్కీ ఒకే మార్పు, ఆ కాల్షియం చానెల్ ప్రోటీన్లో 528వ స్థానంలో. చెల్లెలికి పదిహేనేళ్ళు, ఏ లక్షణమూ లేదు. ఈ మార్పున్న ఆడవాళ్ళలో చాలామందికి ఎటాక్‌లు రావు. పరీక్ష ఇప్పుడే వద్దు, పెద్దయ్యాక తనే నిర్ణయించుకుంటుందని చెప్పాను. మత్తుమందు ఇవ్వాల్సి వస్తే మాత్రం ముందే చెప్పమన్నాను.

నా చీటీ చేసిన పని

ఇప్పుడు నా తప్పు. డిశ్చార్జి రోజు వార్డులో ఎప్పుడూ ఇచ్చే చీటీ ఒకటి ఇచ్చాను: పొటాషియం ఎక్కువగా ఉండే ఆహారం తీసుకోండి, అరటిపండు, కొబ్బరినీళ్ళు, ఖర్జూరం, పళ్ళరసాలు. మూత్రవర్ధక మందులు వాడేవాళ్ళకి అచ్చు వేయించిన చీటీ అది.

మూడు వారాలకి మళ్ళీ వచ్చాడు, ఈసారి కాళ్ళు మాత్రమే. ఆ సాయంత్రం గ్రౌండ్ నుంచి వచ్చి, చీటీ ప్రకారం, నాలుగు అరటిపళ్ళు పాలూ చక్కెరా వేసి జ్యూస్ కొట్టుకుని తాగాడట, పైన ఖర్జూరాలు. ఒక అరటిపండులో పొటాషియం తొమ్మిది, పది యూనిట్లు. పిండిపదార్థం మాత్రం 25 గ్రాములు. నాలుగు పళ్ళంటే 100 గ్రాములు, చక్కెర అదనం. నేను పొటాషియం పంపిస్తున్నాననుకుని దాన్ని లోపలికి తోసేసే ఇన్సులిన్‌ని పంపించాను. "మీరు రాసిందే తాగాను సార్" అని అమాయకంగా చెప్పాడు. ఆ చీటీని ఈ జబ్బు వాళ్ళకి ఇవ్వడం మానేశాను. పొటాషియం కావాలంటే చక్కెర లేని సిరప్, కొలిచి, నీళ్ళలో కలిపి. పండు పండుగానే, ఒకటి, పగటిపూట, మిగతా తిండితో పాటు.

నోట్‌బుక్

ఒక రెండొందల పేజీల లాంగ్‌బుక్ కొనమన్నాను. రోజూ నాలుగు సంగతులు రాయాలి: ఎంత పరిగెత్తాడు, ఆగాక ఏం చేశాడు, రాత్రి ఏం తిన్నాడు, పొద్దున్న తొడలు ఎలా ఉన్నాయి. మూడు నెలల్లో అతని వేలిముద్రల్లాంటి లెక్కొకటి బయటపడింది. ఎక్కువ పరుగు ఒక్కటే ఉన్న రోజులు బాగానే గడిచాయి. పరుగు లేకుండా బిర్యానీ తిన్న రోజుల్లో అప్పుడప్పుడు పొద్దున్న కాస్త బరువు. పరుగు, వెంటనే కూర్చోవడం లేదా పడుకోవడం, రాత్రి ఆలస్యంగా పెద్ద భోజనం, ఈ మూడూ ఒకే రోజు పడితే తప్పించుకున్నది తక్కువ. జలుబుకి ఊళ్ళో డెక్సామెథాసోన్ సూది వేయించుకున్న మర్నాడు కూడా కాళ్ళు లాగాయి. స్టెరాయిడ్ కూడా ఈ జబ్బుని రేపుతుందని అతనికి చెప్పడం నేను మర్చిపోయాను.

పరుగు మానమనలేదు. మొదట నాకూ మానమనాలనిపించింది, కానీ కదలకుండా కూర్చున్న కండరానికి ఈ జబ్బులో మేలేమీ జరగదు. మార్చిందల్లా పరుగు చివర. ఆఖరి రౌండ్ తర్వాత ఇరవై నిమిషాలు నడక, అది కూడా మెల్లగా తగ్గిస్తూ. బండెక్కడం ఆ తర్వాతే. దూరం వారానికి కొద్దికొద్దిగా పెంచడం, ఒక రోజు మానేస్తే మర్నాడు రెట్టింపు చెయ్యకపోవడం.

తిండి విషయంలో గొడవ ఎక్కువైంది. "రాత్రి అన్నం మానేసి చపాతీ తింటున్నాను" అని గర్వంగా వచ్చాడు. ఎన్ని అంటే ఆరు. గోధుమపిండీ పిండే నాయనా అన్నాను. ఎన్ని గ్రాములని నేనూ లెక్కపెట్టలేదు, వాళ్ళమ్మ చేతి అన్నం గరిటెనే కొలత చేసుకున్నాం. రాత్రి ఎనిమిదిలోపు ఒక గరిటె అన్నం, పప్పో గుడ్డో చేపో ఎక్కువ, ఆకుకూర, పెరుగు. మిగతా అన్నం పొద్దున్నా మధ్యాహ్నం సర్దుకోవాలి, ఎందుకంటే కదులుతూ ఉన్న పగటిపూట అదే అన్నం అంత హాని చెయ్యదు. ఊరగాయ నంజుకోవడానికే. కూల్‌డ్రింకులు వద్దు. పెళ్ళిళ్ళకి వెళ్ళొచ్చు, కానీ ఆ రోజు పెద్ద పరుగు ఉండకూడదు, స్వీటు ఒక్కటే. ఉపవాసాలు కూడా వద్దన్నాను. రోజంతా పస్తుండి రాత్రి ఒక్కసారి తినే పద్ధతి ఇతనికి పెళ్ళి భోజనంతో సమానం.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇదంతా పొటాషియం తగ్గే రకానికే. పొటాషియం పెరిగి కాళ్ళు పడిపోయే కుటుంబాలు కూడా ఉన్నాయి, వాళ్ళకి లెక్క తిరగబడుతుంది. వాళ్ళని పస్తు పడగొడుతుంది, కొబ్బరినీళ్ళు పడగొడతాయి, కాస్త చక్కెర లేవదీస్తుంది. కష్టం తర్వాతి విశ్రాంతి మాత్రం రెండిట్లోనూ శత్రువే. గుండె లయ తప్పే ఆండర్సన్-టావిల్ రకం ఇంకొకటి. అందుకే ఎటాక్ సమయంలో ఒక్కసారైనా పొటాషియం కొలవకుండా, ఈసీజీ తియ్యకుండా, ఈ వ్యాసం చదివి పక్కింటివాళ్ళకి సలహా చెప్పకండి.

జన్యు ఫలితం వచ్చాకే, ఎటాక్‌లు తగ్గించడానికి వాడే అసిటజోలమైడ్ మాత్ర మొదలుపెట్టాను, 250 మిల్లీగ్రాములు రోజుకి రెండు సార్లు. సోడియం చానెల్ మారిన కొందరిలో ఇది ఎటాక్‌లని పెంచుతుంది, అందుకే ఆ జాప్యం. వేళ్ళలో తిమ్మిర్లు వచ్చాయి, సోడా రుచి పోయిందన్నాడు (దానికి నేను బాధపడలేదు). కిడ్నీలో రాళ్ళ భయం ఉంది కాబట్టి నీళ్ళు బాగా తాగమన్నాను. ఈ మందు కోవకే చెందిన డైక్లోర్ఫెనమైడ్‌కి అమెరికాలో ఎఫ్‌డీఏ 2015లో అనుమతిచ్చింది. మా ఊరి షాపుల్లో నేను చూడలేదు. పద్నాలుగు నెలల్లో రెండు చిన్న ఎటాక్‌లు, రెండూ ఇంట్లోనే సిరప్‌తో సర్దుకున్నాయి. ఆ ఏడాది ఈవెంట్స్ పోయాయి. వచ్చే నోటిఫికేషన్‌కి రాస్తానంటున్నాడు. మెడికల్లో దాచొద్దని చెప్పాను, సరే అన్నాడు కానీ నా కళ్ళలోకి చూడలేదు.

తండ్రి ఆపరేషన్

తండ్రికి కిందటేడు హెర్నియా ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. ఇద్దరి పర్సుల్లోనూ నేను రాసిచ్చిన లామినేషన్ కార్డుంది: గ్లూకోజ్ ఎక్కించవద్దు, స్టెరాయిడ్ ఇవ్వవద్దు, సక్సినైల్‌కోలిన్ (మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలించే మందు) వాడవద్దు, చలి తగలనివ్వవద్దు, పొటాషియం చూడండి. మత్తు డాక్టరు దాన్ని రెండుసార్లు చదివి నాకు ఫోన్ చేశారు. స్పైనల్‌లో, అంటే వెన్నులో సూది వేసి నడుము కిందికే మత్తిచ్చి, చేద్దామనుకున్నాం. దానితో ఒక చిక్కుంది. మత్తు దిగేదాకా కాళ్ళు ఎలాగూ కదలవు, ఆ మాటున ఎటాక్ వస్తే ఎవరికీ తెలీదు. అందుకే కాళ్ళ సంగతి వదిలేసి గంట గంటకీ పిడికిలి బిగించమని చూశాం, రెండు గంటలకోసారి పొటాషియం తీశాం. ముందురోజు రాత్రి నుంచి పస్తు పొడవకుండా లిస్టులో మొదటి కేసుగా పెట్టించాం. డ్రిప్ స్టాండుకి ఒక నర్సమ్మ తెల్ల ప్లాస్టర్ మీద ఎర్ర పెన్నుతో "నో గ్లూకోజ్" అని రాసి అతికించింది. పొటాషియం ఒకసారి 3.4కి దిగింది, సిరప్ 15 మిల్లీలీటర్లు పట్టించాం.

మర్నాడు పొద్దున్న రౌండ్స్‌కి వెళ్ళేసరికి ఆయన మంచం అంచు పట్టుకుని, ఎప్పటిలాగే తొడని చేత్తో నొక్కుకుంటూ, లేచి నిలబడి ఉన్నాడు. ఇడ్లీలు ఎన్ని తినొచ్చని అడిగాడు.